చెక్కకుండా వదిలిన చోటు

బాల్తెన్ మేస్త్రీ ఇంట్లో యోసీన పని తుడవడం. అందుకే ఆమె కుడి అరచెయ్యి ఎప్పుడూ నల్లగా ఉండేది.

పదకొండో ఏట ఆ ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న షెల్డె నదిమీద పడవ నడిపేవాడు. ఒక పొగమంచు ఉదయాన పడవ ఒడ్డుకొచ్చింది, ఆయన రాలేదు. మేస్త్రీ భార్య మైకెన్ ఆ పిల్లని తన వంటింట్లో కూర్చోబెట్టి, గిన్నెడు మజ్జిగ జావ ముందు పెట్టి, "తిను. తిన్నాక ఆ సుద్ద నూరు" అంది. ఆ నూరడం ముప్పై ఒక్క ఏళ్ళు సాగింది.

మేస్త్రీ రాగిరేకుల మీద దేవుడి బొమ్మలు చెక్కేవాడు. చెక్కిన గీతల్లో నల్లరంగు నింపి, పైన మిగిలినదాన్ని తుడిచేసి, తడి కాగితం పరిచి, అచ్చుయంత్రంలో నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. అందరికీ తెలిసింది అంతే. తుడిచేవాళ్ళకి తెలిసింది వేరు. గుడ్డతోనే తుడిస్తే అది గీతల్లోకి దూరి ఉన్న రంగు కూడా లాక్కొస్తుంది. అందుకని ఆఖరి తుడుపు సుద్ద రాసుకున్న అరచేత్తో తుడవాలి. చెయ్యి కాస్త బరువుగా పడితే మేఘం తేలిపోతుంది, కాస్త తేలిగ్గా పడితే మరియమ్మ నుదుటి మీద మసి మిగులుతుంది. యోసీన చెయ్యి పడితే రెండూ జరగవు.

ఆ నలుపు సబ్బుకీ బూడిదకీ వదిలేది కాదు. గుళ్ళో మోకరించినప్పుడు కుడిచేతిని నడుముకు కట్టుకున్న గుడ్డ కింద దాచుకునేది. మైకెన్ అది చూసి నవ్వేది.

"ఎందుకే దాస్తావు? ఈ ఊళ్ళో పునీతులందరికీ ముఖాలు కడిగేది ఆ చెయ్యే కదా!"

"ఊరుకోండి అమ్మగారూ, జనం వింటారు" అనేది యోసీన, ఇంకాస్త లోపలికి దాచుకుంటూ.

ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. చూసేది. రొట్టెల కొట్లో వరుసలో నిలబడి, పొయ్యి వెలుగు కొట్టువాడి చెంప మీద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూస్తూ తన వంతు మర్చిపోయేది. వెనకవాళ్ళు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి, అడగాల్సిన దానికంటే ఒక రొట్టె తక్కువే అడిగేది.

తుడవడం కాకుండా ఆమెకి ఇంకో పని ఉండేది, చెరపడం. రాగి మీద తప్పు గీత పడితే రబ్బరుముక్కతో పోయేది కాదు. మూడంచుల కత్తితో గీకాలి. గీకిన గుంటని బొగ్గుముక్కతో నీళ్ళు చల్లి అరగదీయాలి. చివర నూనె రాసి, నున్నటి ఉక్కుముక్కతో గంటలకొద్దీ రుద్దాలి. గుంట మరీ లోతైతే రేకు వెనక నుంచి సుత్తితో కొట్టి ఆ చోటుని పైకి లేపాలి. ఆ ఊళ్ళో చెక్కేవాళ్ళు వీధికి నలుగురున్నారు. ఓపిగ్గా చెరిపేవాళ్ళు వెతికినా దొరకరు. ముప్పై ఒక్క ఏళ్ళలో యోసీన ఎన్ని వందల తప్పులు మాయం చేసిందో లెక్కలేదు. ఒక్క గీత మాత్రం చెక్కలేదు. ఎవరూ చెక్కమనలేదు, తను అడగలేదు.

బాల్తెన్ మేస్త్రీ పొట్టి మనిషి. గడ్డం నిండా రాగి పొట్టు. కోపం గొంతులోనే కానీ చేతిలో ఉండేది కాదు. పెళ్ళైన కొత్తల్లో పునీత నికొలాసు బొమ్మ ఒకటి చెక్కాడట. రాగి మీద కుడిని ఎడమగా, ఎడమని కుడిగా తిరగేసి చెక్కాలి కదా, ఆ పూట పెళ్ళాం మీద ధ్యాసతో మర్చిపోయి ఉన్నదున్నట్టు చెక్కేశాడు. అచ్చులో పునీతుడు ఎడమచేత్తో జనాన్ని దీవించాడు. ఆ కథ మైకెన్ నలభై ఏళ్ళుగా వారానికోసారైనా చెప్పేది.

"మా ఇంటాయన దీవెనలన్నీ ఎడమచేతివే. అందుకే మా కోళ్ళు గుడ్లు పెట్టవు."

"ధ్యాస ఎవరి మీదుందో కూడా చెప్పు మరి" అనేవాడు మేస్త్రీ పనిలోంచి తలెత్తకుండా.

యోసీన చిన్నప్పుడు ఒకసారి అడిగింది, బొమ్మలో దీపం అంత తెల్లగా వెలగాలంటే ఏ ఉలితో చెక్కుతారని. మేస్త్రీ పడీపడీ నవ్వాడు.

"వెలుగుకి ఉలి లేదే పిల్లా! మనం చెక్కేదంతా చీకటే. వెలుగు కావలసిన చోట చెయ్యి కట్టుకుని కూర్చోవాలి. అదే అన్నిటికంటే కష్టం. చెయ్యి దురద పెడుతుంది."

ఆ శీతాకాలం మఠం నుంచి సిస్టర్ వాల్బూర్గా వచ్చింది. మఠంలో రోగుల గది చూసుకునేది ఆవిడే. పొడుగ్గా, పెద్ద అడుగులు వేస్తూ, తలుపు తట్టకుండానే లోపలికొచ్చే మనిషి. కొవ్వొత్తుల పండుగకి మూడు వందల బొమ్మలు కావాలంది. గుడిలో ముసలి సిమియోను బాలయేసుని చేతుల్లోకి ఎత్తుకున్న ఘట్టం.

"ఒక్కటే మాట మేస్త్రీ. మా గదిలో మంచాల మీదున్నవాళ్ళు ముసలివాళ్ళు. సగంమందికి పొరలు కమ్మిన కళ్ళు. బొమ్మ గుండెల మీద పెడితే, వాళ్ళకి ఇంకేమీ కనబడకపోయినా ఆ పసివాడి మొహం కనబడాలి. గుడంతా చీకటి చేసుకోండి, నాకు బాధ లేదు. మొహం మాత్రం వెలగాలి."

"కనబడుతుంది సిస్టరమ్మా" అన్నాడు మేస్త్రీ, ఆవిడ నిలబడ్డ చోటికి రెండడుగులు పక్కగా చూస్తూ.

ఆ చూపుని యోసీన గమనించింది. అంతకుముందే కొన్ని గమనించింది. కిటికీకి కట్టిన నూనెకాగితం మాసిపోయిందని నెలలో మూడుసార్లు మార్పించాడు. మూడుసార్లూ అది తెల్లగానే ఉంది. కాంతిని ఒకచోటికి చేర్చడానికి బల్ల మీద పెట్టే నీళ్ళ గాజుబుడ్డిని రేకుకి అంగుళం దూరం దాకా లాక్కునేవాడు. చెక్కిన ప్రతి గీతనీ బొటనవేలి గోటితో తడిమి చూసేవాడు. ఒకరోజు పొద్దున వంటింటి తలుపు దగ్గర మేకుకి వేలాడుతున్న చలికోటుని చూసి టోపీ తీసి, "పొద్దున్నే వచ్చావే, కూర్చో" అన్నాడు. మర్నాడూ అన్నాడు. యోసీన ఆ కోటుని తీసి పెట్టెలో పెట్టి ఊరుకుంది.

పండుగ పది రోజుల్లో ఉందనగా మేస్త్రీ ఉలి కింద పెట్టి, అయిపోయిందన్నాడు. మధ్యాహ్నం చేపముక్కా రొట్టే తిని కునుకు తీశాడు. ఆడవాళ్ళిద్దరూ మొదటి అచ్చు తీశారు. యోసీన తుడిచింది, మైకెన్ యంత్రపు చక్రం తిప్పింది. కాగితాన్ని మూలలు పట్టుకుని లేపారు.

గుడి స్తంభాలు బాగున్నాయి. సిమియోను గడ్డం వెంట్రుక వెంట్రుకా బాగుంది. ఆ ముసలి చేతుల మధ్య, వెలగాల్సిన చోట, పసివాడి మొహం మీద గీతల మీద గీతలు అడ్డంగా నిలువుగా పడి నల్లగా ముద్దకట్టాయి.

"ఇదేంటే తల్లీ" అంది మైకెన్. "పొగగొట్టంలోంచి దించినట్టున్నారు బిడ్డని! నువ్వు సరిగ్గా తుడవలేదేమో?"

యోసీన మళ్ళీ తుడిచింది. మళ్ళీ అచ్చు తీశారు. అదే మొహం. మైకెన్ పక్కనున్న పీట మీద కూలబడింది. ఈసారి హాస్యమాడలేదు.

"ఆయనకి కనబడ్డం లేదు కదూ?"

"లేదమ్మగారూ."

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"కోటు దగ్గర్నుంచి."

మైకెన్ నడుముకు కట్టుకున్న గుడ్డతో ముక్కు తుడుచుకుంది. "నాకు అంతకుముందే తెలుసు. నేను పడుకున్నవైపు కాక గోడవైపు తిరిగి నాతో మాట్లాడతాడు. గోడకి చెవుడని విసుక్కుంటాడు." అచ్చుని పక్కన పెట్టి అంది, "వంతెన అవతల ఆ కుర్ర చెక్కుడాయనకి ఇద్దామా? రెండు కూజాల బీరు పోస్తే సరిచేసి పెడతాడు."

"సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. ఊరి సంత దాకా వెళ్ళక్కర్లేదు, బీరు కొట్టు చాలు. బాల్తెన్ మేస్త్రీ గుడ్డివాడయ్యాడు, దేవుడి మొహానికి మసి పూశాడు అంటారు. ఆయన వింటే ఇంక మంచం దిగరు."

యోసీన అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. మైకెన్ తలెత్తి చూసింది.

"మరేం చేద్దామంటావు?"

"చెరుపుతాను."

గీకడం, బొగ్గుతో అరగదీయడం రోజూ ఉండే చప్పుళ్ళే. మేస్త్రీ విన్నా పాత రేకు అనుకుంటాడు. సుత్తి చప్పుడు దాగదు. సుత్తి ఎందుకు కొడతారో ఆయనకి తెలుసు. అందుకని శుక్రవారం మైకెన్ ఆయన్ని పండుగ ముందు గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేద్దామంటూ గుడికి బయల్దేరదీసింది.

"నేనేం పాపం చేశానే ఈ వయసులో?"

"ఎడమచేతి నికొలాసుని ఇంతవరకూ గురువుగారికి చెప్పలేదు. పద."

వాళ్ళు మలుపు తిరగ్గానే యోసీన, అప్పటికే గీకి అరగదీసి ఉంచిన రేకుని బయటికి తీసింది. రెండు వంకర కాళ్ళున్న కొలతపనిముట్టు తీసుకుని, ఒక కాలి మొన పసివాడి చెంప మీద ఆనించింది. రెండో కాలి మొన వెనకవైపు సరిగ్గా ఆ చోటే చూపించింది. అక్కడ గుర్తు పెట్టింది. ముందువైపు నేలకుండేలా రేకుని చిన్న ఇనుప దిమ్మ మీద బోర్లించి సుత్తితో కొట్టింది. ప్రతి దెబ్బకీ మేస్త్రీ వీపు మీద కొడుతున్నట్టే అనిపించింది. కొట్టడం ఆపలేదు.

తర్వాత రెండు రోజులు నూనె, ఉక్కుముక్క, మోచేతి నొప్పి. ముక్కునీ పెదవులనీ కాపాడగలిగింది. చెంప మీది చీకటంతా పోయింది. దాంతోపాటు వెలుగువైపున్న కన్ను కూడా పోయింది. గీతలు అక్కడ కలిసిపోయి ఉండటంతో విడదీయడం ఆమె వల్ల కాలేదు. ఆ చోట రాగి నున్నగా మెరిసింది. వంగి చూస్తే అందులో కిటికీ కనబడింది.

అచ్చు తీశారు. ముసలాయన చేతుల్లో ఎవరో దీపం పెట్టినట్టు వచ్చింది వెలుగు. చుట్టూ ఉన్న చీకటంతా దానికోసమే తప్పుకుని నిలబడినట్టుంది.

మైకెన్ చేతులు కట్టుకుని చాలాసేపు చూసింది. "వెలుగుందే. బ్రహ్మాండంగా ఉంది. కానీ బిడ్డ ఏడీ? గుడ్డుని ఎత్తుకున్నట్టున్నాడు సిమియోను."

నిజమే. కన్ను లేని వెలుగు మొహంగా మారలేదు. అక్కడ ఒక్క గీత కావాలి, వాలిన రెప్ప గీత. అది చెక్కగల చేతికి కళ్ళు లేవు. కళ్ళున్న చేతికి చెక్కడం రాదు.

ఆ మాటే ఇద్దరూ ఆలోచిస్తుండగా మేస్త్రీ గోడ పట్టుకుంటూ వచ్చాడు. "ఏదే నా రేకు? సిస్టరమ్మ వచ్చేలోగా అంచులు నున్నచెయ్యాలి" అంటూ బల్ల మీద తడిమి రేకుని అందుకున్నాడు. అరచేతుల్లో తిప్పాడు. వేళ్ళు వెనకవైపుకి వెళ్ళి ఆగాయి.

అక్కడ సుత్తి గుంటలున్నాయి. ఆయన చూపుడువేలు ఒక్కో గుంట మీదా ఆగుతూ వెళ్ళింది.

"ఇరవై రెండు" అన్నాడు చివరికి. "ఇరవై రెండు దెబ్బలు కొట్టేంత చీకటి చేశానా?"

అబద్ధానికి చోటుంది. పొరపాటున పాత రేకు కలిసిపోయిందనొచ్చు. కానీ ఆ వేళ్ళకి అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాలేదు.

"చేశారు మేస్త్రీ."

ఆయన పీట వెతుక్కుని కూర్చున్నాడు. గడ్డంలోని రాగి పొట్టు కిటికీ వెలుగులో మెరిసింది. గొంతు లేచింది. "నోరు లేదూ నీకు? నెల రోజులు పక్కనే కూర్చుని చూస్తావా? నన్ను పిచ్చివాణ్ణి చేసి ఆడిస్తారా ఇద్దరూ?"

"కోటుని పలకరించినప్పుడే చెప్పాల్సింది" అంది యోసీన తల వంచుకుని.

"ఏ కోటు?"

"తలుపు దగ్గరిది. రెండు రోజులు కూర్చోమన్నారు."

"అది కోటా?" అన్నాడు మేస్త్రీ. "నేను మైకెన్ వాళ్ళ అన్నయ్య అనుకున్నా. ఏం అడిగినా పలకడేంటి, పొగరెక్కిందనుకున్నా."

మైకెన్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. "మా అన్న కంటే ఆ కోటే నయం. అప్పు అడగదు" అంటూ వెళ్ళి మొగుడి తలని పొట్టకి అదుముకుంది. ఆయన కదలకుండా కాసేపు అలాగే ఉండి, తర్వాత ఆమెని మెల్లగా పక్కకి జరిపాడు.

"సరే. ఏం పోయింది? చెప్పు పిల్లా."

నలభై రెండేళ్ళ మనిషిని ఆయన ఇప్పటికీ పిల్లా అనే పిలిచేవాడు.

"వెలుగువైపు కన్ను పోయింది. రెప్ప ఒక్కటి కావాలి మేస్త్రీ."

ఆయన బల్ల మీద తోలుదిండుని దగ్గరికి లాక్కున్నాడు. ఇసుక నింపిన గుండ్రటి దిండు అది. రేకుని దాని మీద పెట్టి తిప్పుతూ చెక్కుతారు. తన ఉలిని తీసి, చెక్కపిడి ఆమెవైపుండేలా చాచాడు.

"పట్టుకో."

"నావల్ల కాదు."

"నావల్ల మాత్రం అవుతుందా? పట్టుకో. పిడి అరచేతిలో కూర్చోవాలి. ఆ నల్ల అరచేతిలోనే. ముందు సూదితో లేతగా గీత గీసుకో, ఎక్కడ కావాలో నీకే తెలుసు. ఉలి తిప్పకు. ఉలి ఎప్పుడూ తిన్నగా ముందుకే పోతుంది. వంపు రేకుది. రేకు నేను తిప్పుతాను."

"మీకు కనబడదు కదా!"

"నువ్వు నొక్కే బరువు నా వేళ్ళకి తెలుస్తుంది. నలభై ఏళ్ళుగా తిప్పుతున్నా, ఆ మాత్రం తెలియదా? నీ చెయ్యి వణికితే ఆపుతాను. నా చెయ్యి వణికితే నువ్వు ఆపు."

యోసీన సూదితో గుర్తు గీసింది. చిన్నప్పుడు నాన్న పడవ అడుగున తన తమ్ముడు పసిగుడ్డుగా నిద్రపోతున్నప్పుడు వాలిన రెప్ప గుర్తొచ్చింది. ఆ వంపే గీసింది. ఉలి మొన ఆనించి తోసింది. మేస్త్రీ వేళ్ళు రేకుని వెంట్రుకవాసి తిప్పాయి. మొన ముందు సన్నటి రాగి చుట్ట ఒకటి లేచి, మెరిసి, పక్కకి ఒరిగింది. మైకెన్ గుమ్మంలో నిలబడి శిలువగుర్తు వేసుకుంది.

గీత ఆగగానే మేస్త్రీ పొట్టు ఊది, గోటితో తడిమాడు.

"లోతు చాల్లేదు" అన్నాడు. మళ్ళీ తడిమాడు. "ఉండనీ. పసివాడి రెప్ప బరువుండకూడదు. ఇంకో గీత వెయ్యాలనిపిస్తోందా?"

"అనిపిస్తోంది."

"అయితే ఉలి కింద పెట్టేసెయ్."

పెట్టేసింది. చెయ్యి నిజంగానే దురద పెట్టింది.

సిస్టర్ వాల్బూర్గా మర్నాడు ఎప్పట్లాగే తలుపు తట్టకుండా వచ్చింది. అచ్చు తీసి ఆరబెట్టిన కాగితాన్ని యోసీన ఆవిడకి అందించబోయింది. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు కాదు సిస్టరమ్మా. మీ కళ్ళు బాగున్నాయి. ముందు నేను చూస్తాను."

సిస్టర్ ఆయన కళ్ళవైపు చూసింది, విషయం అర్థమైంది. యోసీన కాగితాన్ని ఆయన గుండెల ముందు, మంచం మీది రోగికి పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆయన తల అటూ ఇటూ తిప్పాడు, కళ్ళు చికిలించాడు.

"అంతా మసకగా ఉంది. గుడి లేదు. సిమియోను లేడు." కాగితం మీదికి ఇంకాస్త వంగాడు. "ఇక్కడ తెల్లగా ఏదో ఉంది."

చెయ్యి చాచి వేలు పెట్టాడు. ఆ వేలు పసివాడి చెంప మీద ఆగింది.

సిస్టర్ వాల్బూర్గా ఆ వేలివైపు చూసి తలూపింది. "మూడు వందలు. పండుగ ముందురోజుకి" అంది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "ఆ రెప్ప ఎవరు చెక్కారో గానీ, ఆ బిడ్డ నిద్రపోతున్నాడు మేస్త్రీ. మెలకువగా లేడు. మా ముసలివాళ్ళకి అదే మంచిది" అంది.

"చెక్కినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. సిగ్గుపడి చస్తున్నారు, ఎందుకులెండి" అన్నాడు మేస్త్రీ.

మూడు వందల అచ్చులకీ రేకుని యోసీనే తుడిచింది. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు తుడిచింది. మేస్త్రీ మళ్ళీ కొత్త రేకు చెక్కలేదు. అరిగిన పాత రేకులకి అక్కడొకటి ఇక్కడొకటి గీతలు కావలసివచ్చినప్పుడు మాత్రం తోలుదిండు బయటికొచ్చేది, ఆయన తిప్పేవాడు, ఆమె తోసేది. ఆ రేకుల అడుగున ఆయన పేరే ఉండేది. ఆమె దాన్ని ఎప్పుడూ శ్రద్ధగా, ఒక్క అక్షరం తేలిపోకుండా తుడిచేది.

ఆ ఏటి కొవ్వొత్తుల పండుగనాడు మైకెన్ పొద్దున్నే పెనం పొయ్యి మీద పెట్టి పిండి కలిపింది. ఆ రోజు ఎంత పేదింట్లోనైనా పెనం వేడెక్కి అట్టు పొయ్యాల్సిందే. తొలి అట్టు మాడింది. "ఇది కోటుకి" అంది మైకెన్. ముగ్గురూ నవ్వుతూ తిని గుడికి బయల్దేరారు.

గుడి వాకిట్లో అందరికీ తలో వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చారు. దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఊరేగింపులో నడవాలి. యోసీన ఎడమచేత్తో మేస్త్రీ మోచేయి పట్టుకుంది. కుడిచెయ్యి గుడ్డ కిందినుంచి బయటికి రాక తప్పలేదు. కొవ్వొత్తి వెలుగులో ఆ అరచెయ్యి, గీతల్లో నల్లరంగుతో సహా, అందరికీ కనబడింది. రొట్టెల కొట్టు మనిషి చూశాడు. ఇంకెవరెవరో చూశారు. ఆమె ముఖం వేడెక్కింది కానీ చెయ్యి దించలేదు. దించితే దీపం ఆరుతుంది.

"మైనం కారుతోందా?" అడిగాడు మేస్త్రీ.

"కారుతోంది. వేలి మీద పడింది."

"కాలిందా?"

"కొంచెం."

"సరే, నడు. మెట్లొస్తే చెప్పు."